దుప్పటికి పదహారు సెకన్లు

హలో, అందరూ ఉన్నారా? నా మాట వినపడుతోందనే అనుకుంటున్నాను. టీ తాగుతున్నవాళ్లు తాగుతూనే ఉండండి, మధ్యలో లేచి వెళ్లాల్సినవాళ్లు వెళ్లి రండి, నేను ఎక్కడికీ పోను. చెప్పేది ఒక్క ఎండాకాలం సంగతి. నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందే చెప్పేస్తాను, దాచి పెట్టి చివర్లో బయటపెట్టే తెలివి నాకు లేదు. ఆ ఎండాకాలం మా సెక్షన్‌లో ముగ్గురి ఉద్యోగాలు పోయేదాకా వచ్చింది. అంతదాకా తెచ్చింది మేనేజరు కాదు, నేను. అదీ కూతురి మీద ప్రేమతో.

మాది బట్టలుతికే ఫ్యాక్టరీ. ఆస్పత్రులవి, హోటళ్లవి. పొద్దున్నే వ్యాన్లలో మాసిన దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు గుట్టలుగా దిగుతాయి. వెనక హాల్లో గదంత మిషన్లలో ఉతుకుతారు. ఉతికినవి తడితడిగా ట్రాలీల మీద మా ఇస్త్రీ సెక్షన్‌కి వస్తాయి. మా దగ్గర ఒక వేడి రోలరు ఉంది, ఇద్దరు మనుషులు తలా కాళ్లూ కలిపి పడుకున్నంత పొడవు. ముందు ఇద్దరు నిలబడి దుప్పటి అంచులు పట్టుకుని దానికి అందిస్తారు. వెనక ఇద్దరు అందుకుని మడతపెడతారు. ముగ్గురు బల్లల దగ్గర తువ్వాళ్లు, గలీబులు చూసుకుంటారు. ఒకరు మరకలున్నవి, చిరిగినవి ఏరతారు. ఒకరు కట్టలు కట్టి ట్రాలీ ఎక్కిస్తారు. మొత్తం తొమ్మిది మంది. వాళ్ల మీద నేను సూపర్‌వైజర్ని. చొక్కా జేబుకి నీలం బిళ్ల ఒకటి ఉండేది. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా మా షిఫ్టు. మూడు దాటగానే వ్యాన్లు సరుకు ఎత్తుకుని వెళ్లిపోవాలి.

మా అమ్మాయి యూనివర్సిటీలో బిజినెస్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. నాలుగేళ్ల చదువు. అందులో మూడో ఏడు క్లాసులుండవు, ఏదో ఒక కంపెనీలో ఏడాదంతా పనిచెయ్యాలి. ప్లేస్‌మెంట్ అంటారు. చివర్లో ఒక ప్రాజెక్టు చేసి రిపోర్టు ఇవ్వాలి. దానికి సగం మార్కులు కంపెనీ వేస్తుంది, సగం యూనివర్సిటీ వేస్తుంది. అది పాడైతే ఏడాది పోయినట్టే. పిల్ల పదిహేడు కంపెనీలకి రాసింది. పదహారు చోట్ల నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. పదిహేడోది మాది.

ఫారంలో ఇక్కడ మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా అని ఉంటే, దాచకుండా 'నాన్న' అని రాసింది. మేనేజరు చూసి, "నువ్వుండేది పైన ఆఫీసులో కదమ్మా, ఏం పర్లేదు" అన్నాడట.

మొదటి రోజు బస్సులోనే నాకు షరతు పెట్టింది.

"నాన్నా, లోపల నన్ను బుజ్జీ అనకూడదు."

"మరేమనాలి?"

"ఏమీ అనకూడదు. అసలు మాట్లాడకు."

తొమ్మిది నెలలు మాట నిలబెట్టుకున్నాను. మెట్ల దగ్గర ఎదురైతే గోడకేసి చూసేవాణ్ణి. రోలరు ముందు నిలబడేవాడొకడున్నాడు, వాడి నోరు నిద్రలో కూడా మూతపడదని వాళ్లావిడే చెప్పింది, అందుకని అందరం రేడియో అంటాం. వాడు నన్ను చూసి, "అన్నా, మీ అమ్మాయి దిగుతోంది, గోడ ఎక్కడుందో చూసుకో" అనేవాడు.

ఎండలు ముదిరే వేళకి మేనేజరు పిల్లకి ప్రాజెక్టు ఇచ్చాడు. ఇస్త్రీ సెక్షన్‌లో పని ఎలా జరుగుతోందో కొలిచి, దీనికి ఎంతమంది కావాలో తేల్చాలి. ఒక సోమవారం అట్ట మీద కాగితాలు పెట్టుకుని, మెళ్లో స్టాప్‌వాచీ వేసుకుని కిందికి దిగింది. ఫ్యాన్లు తిప్పేది కూడా వేడిగాలే. పిల్ల ముఖం అప్పుడే ఎర్రబడింది.

"అందరికీ నమస్కారం. రెండు వారాలు పొద్దున పూట వచ్చి ఒక్కో పనికి ఎంతసేపు పడుతుందో రాసుకుంటాను. మధ్యాహ్నం నాకు పైన పని ఉంటుంది. మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, నేను లేననుకోండి."

అంతే చెప్పింది. స్పష్టంగానే చెప్పింది. నాకే సరిగ్గా ఎక్కలేదు.

టీ వేళకి అందర్నీ పోగేశాను. "చూడండి, అమ్మాయి రేపట్నుంచి కొలుస్తుంది. మన సెక్షనంటే ఏంటో పైవాళ్లకి తెలిసిరావాలి."

"మామూలుగా చెయ్యమంది కదా పిల్ల," అంది పెద్దక్క. మడత దగ్గర నిలబడే మనిషి, మా అందరికంటే వయసులో పెద్దది, నాక్కూడా అక్కే.

"అలాగే అంటారక్కా. ఇంటికి పిలిచినవాళ్లు ఏమీ తేవద్దండీ అంటారు. అంటే మాత్రం చేతులూపుకుంటూ వెళ్తామా?"

పెద్దక్క నవ్వింది. మా పిల్ల చిన్నప్పుడు బడి అయిపోయాక ఇక్కడికే వచ్చి, తువ్వాళ్ల బల్ల కింద కూర్చుని హోంవర్కు రాసుకునేది. దానికి జడలు వేసిన చేతులు పెద్దక్కవి.

"అంటే ఇప్పుడు నేను నోరు మూసుకోవాలా?" రేడియో అడిగాడు.

"రెండు వారాలే కదరా."

"అన్నా, ప్రాణం మీదికి వచ్చే పని చెప్తున్నావ్."

"బుజ్జి కోసం."

"నీ కోసమైతే చచ్చినా మూసుకోను. బుజ్జి కోసం మూసుకుంటా పో."

నాలుగు నెలల కిందట చేరిన అమ్మాయొకతి ఉంది, కొత్తమ్మాయి అనేవాళ్లం. తను భయంభయంగా, "మధ్యలో మంచినీళ్లకి వెళ్లొచ్చా సార్?" అంది. "పదకొండు దాటాక వెళ్దువుగానమ్మా," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ముల్లులా ఉంది.

ఆ రెండు వారాలు మా సెక్షన్‌ని మీరు చూసి ఉండాల్సింది. రోలరు చప్పుడు తప్ప మాట లేదు. దుప్పటి వెనక దుప్పటి, అంచుకి అంచు, నీళ్లు జారినట్టు జారిపోయేవి. మామూలుగా మా దగ్గర దుప్పటికి ఇరవై నాలుగు సెకన్లు పడుతుంది. ఒక మడత వంకర పోతుంది, ఒకరు చెమట తుడుచుకుంటారు, ఒక తడి దుప్పటి రెండోసారి వెయ్యాల్సి వస్తుంది. అవన్నీ కలిస్తేనే పని. ఆ పొద్దుటి పూటలు అవేవీ లేవు. పిల్ల స్టాప్‌వాచీ నొక్కుతూ, కళ్లు పెద్దవి చేసుకుని రాసుకునేది. నేను వెనకాల చేతులు కట్టుకుని నిలబడి, నా కూతురి ముఖంలోకి చూసి మురిసిపోయేవాణ్ణి.

పదకొండింటికి తను మెట్లెక్కి వెళ్లేది. పైన తలుపు పడ్డ చప్పుడు వినపడగానే కింద తొమ్మిది మందీ గాలి తీసిన ట్యూబుల్లా కూలబడేవాళ్లు. మధ్యాహ్నం చేతులు కదిలేవి కావు. మూడింటికి ఇంకా రెండు ట్రాలీలు మిగిలిపోయేవి. అప్పుడేం చేసేవాళ్లమో తెలుసా? షిఫ్టు అయిపోయినట్టు కార్డులు పంచ్ చేసేసి, వెనక తలుపులోంచి మళ్లీ లోపలికి వచ్చి మిగిలింది పూర్తిచేసేవాళ్లం. రోజూ ముప్పావు గంట. వ్యాన్ల డ్రైవర్లు హారన్లు కొడుతుంటే నేనే బయటికి వెళ్లి బతిమాలేవాణ్ణి. రెండో వారంలో పెద్దక్క మణికట్టుకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. పిల్ల దగ్గరికి రాగానే ఆ చెయ్యి తువ్వాలు కింద పెట్టుకునేది. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున. మా ఆవిడ కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. మా వీధిలో అందరి బట్టలూ తన చేతిలోంచే పోతాయి. పిల్ల రిపోర్టు తెచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, మీ సెక్షన్ చూసి నాకే నమ్మకం కలగలేదు తెలుసా? దుప్పటికి పదహారు సెకన్లు! తప్పేమో అని రెండుసార్లు లెక్క కట్టాను. మేనేజరు సార్ అయితే కుర్చీలోంచి లేచారు."

నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. "మరి? ఎవరనుకున్నావ్?" అన్నాను.

"ఈ వేగంతో చేస్తే రోజూ వచ్చే పనికి ఆరుగురు చాలు. అదే రాశాను."

మిషన్ ఆగింది. "మిగతా ముగ్గురూ?" అని అడిగింది మా ఆవిడ.

"వేరే సెక్షన్‌లో సర్దుతారమ్మా. అలా సర్దాలని సూచన కూడా రాశాను."

"వేరే సెక్షన్ ఏముంది?"

పిల్ల నా వైపు చూసింది. ఉతికే హాల్లోనే చలికాలంలో నలుగుర్ని తగ్గించారు. ఆ సంగతి పైన ఆఫీసు వాళ్లకంటే నాకే బాగా తెలుసు. అప్పుడే నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నేను ఏమన్నానంటే, "బాగా రాశావమ్మా." మా ఆవిడ నన్ను ఒక చూపు చూసి మళ్లీ మిషన్ తొక్కింది.

మర్నాడు మేనేజరు పైకి పిలిచాడు. ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న, మర్యాదస్తుడు, ఎప్పుడూ గారూ అనే పిలుస్తాడు.

"సూపర్‌వైజర్ గారూ, కూర్చోండి. మీ అమ్మాయి చాలా బాగా చేసిందండీ. హెడ్డాఫీసుకి కూడా పంపించేశాను. మార్కుల గురించి మీకు దిగులే అక్కర్లేదు."

"సంతోషమండీ."

"ఇక మీరు చెయ్యాల్సింది ఒకటుంది. ఎవరు లేకపోయినా పని ఆగదో మీకే తెలుస్తుంది. శుక్రవారం లోపు మూడు పేర్లు ఇవ్వండి."

నా చేతికి తెల్లకాగితం ఒకటి ఇచ్చాడు. దాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకుని దిగాను. కింద రేడియో రెండు వారాల బాకీ తీర్చుకుంటున్నట్టు వాగుతున్నాడు. వీడి పేరు రాస్తానా? పెద్దక్క ఎడమ చేత్తో మడతపెడుతోంది. ఈవిడ పేరా? పోనీ, అందరికంటే వెనక చేరిన కొత్తమ్మాయా? నన్ను చూడగానే, "సార్, ఇప్పుడు మంచినీళ్లకి వెళ్లొచ్చా?" అంది. "నన్నడగకమ్మా, ఎప్పుడంటే అప్పుడు వెళ్లు," అని అరిచినంత పని చేశాను. తను బిక్కచచ్చిపోయింది.

మంగళవారం గడిచింది. బుధవారం సాయంత్రం మా ఆవిడ నా చొక్కా ఉతకడానికి తీస్తూ జేబులో కాగితం చూసింది.

"ఏంటిది? ఏమీ రాయలేదే?"

"రాయలేకే."

విషయం చెప్పాను, మూడు పేర్ల వరకే. తను, "ఆ రెండు వారాలు మీరు ఇంటికి గంట ఆలస్యంగా వచ్చారు. బస్సు దొరకలేదన్నారు. రోజూ దొరకలేదా?" అంది.

ముప్పై ఏళ్లుగా కొలతల మీద బతికే మనిషి, నేను ఏ మూల దాచగలను? మొత్తం కక్కేశాను.

"వెంటనే దానికి చెప్పండి."

"చెబితే రిపోర్టు పోతుంది. ఏడాది పోతుంది. పదిహేడు చోట్ల తిరిగింది అది."

"చెప్పకపోతే? ఏదో ఒకరోజు దానికి తెలియకుండా ఉంటుందా? తన జడలు వేసినావిడని తనే ఇంటికి పంపించానని తెలిసాక, ఆ మార్కులు పట్టుకుని అది ఏం చేసుకుంటుంది?"

గురువారం ఇద్దరం ఒకే బస్సు దిగాం. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. మందుల షాపు దాటాక, పార్కు గోడ పక్కన నీడ ఉన్నచోట ఆగాను.

"బుజ్జీ, ఒక మాట."

"ఫ్యాక్టరీ బయటే కదా, చెప్పు," అని నవ్వింది.

చెప్పాను. టీ దగ్గర మీటింగు పెట్టడం, మాట్లాడొద్దనడం, మంచినీళ్లు వద్దనడం, కార్డులు పంచ్ చేసి మళ్లీ లోపలికి వెళ్లడం. చెప్తున్నకొద్దీ దాని నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"మామూలుగా చెయ్యండి అన్నాను కదా నాన్నా."

"అన్నావు."

"ఫొటో తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు చూడు. మీరంతా అలా నిలబడ్డారు. నేనేమో ఆ ఫొటో చూసి చొక్కా కొలతలు రాసిచ్చేశాను. ఇప్పుడు ఆ చొక్కా ఎవరికి పడుతుంది?"

"నీకు మంచి పేరు రావాలని..."

"నాకు పేరు నువ్వు తెచ్చిపెడతావా? అయితే నేను చదవడమెందుకు?"

తను ముందు నడిచింది, నేను పది అడుగులు వెనక. ఇంటికి వెళ్లాక తల్లితో మాట్లాడింది, పక్కింటావిడతో మాట్లాడింది, నాతో మాత్రం లేదు. పొద్దున బస్సులో కూడా వేరే సీట్లో కూర్చుంది.

శుక్రవారం. మేమింకా రోలరు వేడెక్కించకముందే పిల్ల గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం తిరగేస్తూ కనపడింది. ఏ వ్యాను ఎన్నింటికి బయటికి పోయిందో ఆయన రాసి పెడతాడు. తను కొలిచిన పది రోజులూ వ్యాన్లు నాలుగు కావస్తుంటే గాని కదల్లేదు. ఆ ముందంతా మూడూ పది, మూడుంపావు. రాసుకుని లోపలికి వచ్చింది. అట్ట లేదు, స్టాప్‌వాచీ లేదు.

"అత్తా, చెయ్యి చూపించు."

పెద్దక్క నా వైపు చూసింది. "నాన్న వైపు చూడకు, నాకు చూపించు," అంది పిల్ల. గుడ్డ విప్పితే మణికట్టు వాచి ఉంది.

"ఎప్పట్నుంచి?"

"ఏదోలే తల్లీ. ఎండకి."

"ఎండకి మణికట్టు వాస్తుందా అత్తా?"

రేడియో కల్పించుకున్నాడు. "మేమే చేశాం బుజ్జీ. మీ నాన్నది తప్పేం లేదు. నువ్వంటే మాకు..."

"నాకు తెలుసు బాబాయ్. అందుకే ఎక్కువ ఏడుపొస్తోంది," అంది. ఏడవలేదు గానీ, మెట్లెక్కేటప్పుడు రెండు మెట్లు కలిపి ఎక్కింది.

మధ్యాహ్నం భోజనం వేళకి రెండు పేజీలు రాసుకుని వచ్చి నా ముందు పెట్టింది. "చదువు." నేను వేలు పెట్టి చదివాను, నాకు టైం పడుతుంది, తను తొందరపెట్టలేదు. జరిగింది జరిగినట్టు ఉంది. ఒకచోట 'సెక్షన్ సూపర్‌వైజర్, నా తండ్రి' అని ఉంది.

"తండ్రి అని రాయాలా?"

"రాయాలి."

"నా మీద కోపమా?"

"కోపమే. కానీ ఆ మాట కోపంతో రాసింది కాదు. కింద సంతకం పెడతావా?"

పెట్టాను. జేబులోంచి ఆ తెల్లకాగితం తీసి దాంతోపాటే ఇచ్చాను. ఇద్దరం పైకి వెళ్లాం.

మేనేజరు మొత్తం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కార్డులు పంచ్ చేయించి మళ్లీ లోపల పనిచేయించారా?"

"అవునండీ."

"అలా చెయ్యకూడదని రూలుంది, తెలుసా మీకు?"

"తెలుసండీ. ఆ రూలు రాసిన బోర్డు మేకు కొట్టి తగిలించింది నేనే."

ఆయనకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. పిల్ల వైపు తిరిగి, "హెడ్డాఫీసుకి పంపేశానమ్మా. ఇప్పుడు తప్పని చెబితే నా మాట ఏమవుతుంది? పైగా నీ మార్కులు..." అన్నాడు.

"తప్పు లెక్క మీ దగ్గరుంటే ఇంకా ఇబ్బంది సార్. ఆరుగురితో నడిపిన మొదటి వారమే ఆస్పత్రికి దుప్పట్లు అందవు. నాకు ఇంకా మూడు వారాల టైముంది. మళ్లీ కొలుస్తాను, పొద్దున్నుంచి మూడింటి దాకా, రోజంతా."

"మళ్లీ మీ నాన్న అందర్నీ పరిగెత్తించడని గ్యారంటీ ఏంటి?"

పిల్ల నా వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"నాన్న సూపర్‌వైజర్‌గా ఉండకూడదు సార్."

నేను జేబుకున్న నీలం బిళ్ల పిన్ను తీసి బల్ల మీద పెట్టాను. పిన్ను బిగుసుకుపోయి ఉంది, కాస్త టైం పట్టింది. పదకొండేళ్లు పెట్టుకున్న బిళ్ల కదా.

సోమవారం ఆ బిళ్ల పెద్దక్క జాకెట్టుకి వచ్చింది. అనుభవం ఎక్కువ, చెయ్యి బాగా లేదు, అన్నీ చూసి ఇచ్చారు. నేను రోలరు ముందు రేడియో పక్కన నిలబడ్డాను. వాడు నా భుజం మీద చెయ్యేసి, "రా అన్నా, ఇన్నాళ్లూ దూరం నుంచి విన్నావ్, ఇక దగ్గర్నుంచి వినొచ్చు," అన్నాడు.

ఆ మూడు వారాలూ మాడిపోయే ఎండలు. పిల్ల పొద్దున ఏడింటికి స్టూలు వేసుకుని కూర్చునేది, మూడింటికి లేచేది. అన్నీ రాసింది. ఎవరు ఎన్నిసార్లు నీళ్లు తాగారు, ఎన్ని దుప్పట్లు తడి ఆరక రెండోసారి పోయాయి, రోలరు ఎన్నిసార్లు మొరాయించింది. మొదట్లో నా చేతులు ఊరుకునేవి కావు. తను స్టాప్‌వాచీ నొక్కగానే వాటంతటవే వేగం అందుకునేవి. వెనక నుంచి పెద్దక్క గొంతు వచ్చేది: "తమ్ముడూ, నిన్ను తరుముతున్నదెవరు?"

రెండో వారంలో రేడియో ఉండబట్టలేక అడిగాడు. "బుజ్జీ, నా మాటల వల్ల ఎన్ని సెకన్లు పోతున్నాయో అది కూడా రాస్తున్నావా?"

"రాస్తున్నా బాబాయ్. నువ్వు మాట్లాడుతుంటే దుప్పటికి ఒక సెకను తక్కువే పడుతోంది."

వాడి ఆనందం చూడాలి. ఆ సాయంత్రం దాకా ఊపిరి కూడా పీల్చుకున్నట్టు లేదు.

చివరికి లెక్క తేలింది. దుప్పటికి ఇరవై నాలుగు సెకన్లు, ఎండ మండే మధ్యాహ్నాలు ఇరవై ఏడు. పనికి కావాల్సింది తొమ్మిది పాయింట్ నాలుగు మంది. టీ దగ్గర పిల్ల ఆ మాట చెప్పగానే కొత్తమ్మాయి అమాయకంగా, "పాయింట్ నాలుగు మనిషి ఎలా ఉంటాడు మేడమ్?" అంది.

"మా అన్నలా ఉంటాడు," అన్నాడు రేడియో నన్ను చూపించి. "మొన్నటిదాకా నిలబడి చూడ్డమే కదా పని."

అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది, నా వైపు చూసే నవ్వింది. నెల తర్వాత అదే మొదటిసారి.

ఎవర్నీ తగ్గించలేదు. పదో మనిషినీ ఇవ్వలేదనుకోండి, అది వేరే సంగతి. మేనేజరు మొదటి లెక్క తప్పని హెడ్డాఫీసుకి ఉత్తరం రాసుకున్నాడు, ఆ కోపం కొంత పిల్ల మీద మిగిలింది. కంపెనీ వెయ్యాల్సిన యాభైలో ఇరవై ఆరు వేశాడు. పాసవడానికి సరిపోతాయి, చెప్పుకోవడానికి సరిపోవు. మిగతా యాభై యూనివర్సిటీ సార్ చేతిలో ఉన్నాయి. ఆయన ఆఖరి వారంలో ఫ్యాక్టరీకే వచ్చాడు, పిల్ల పనిచేసిన చోట నలుగుర్ని అడిగి తెలుసుకోవడానికి.

కింద సెక్షన్‌లోకి వచ్చి, ముందు కనపడినవాణ్ణి నేనే కాబట్టి నా దగ్గరే ఆగాడు. పెద్దమనిషి, మెత్తటి గొంతు. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను.

"ఇక్కడ కొలతల ప్రాజెక్టు చేసిన అమ్మాయి ఎలా పనిచేసిందండీ? మీరు దగ్గర్నుంచి చూసి ఉంటారు."

పిల్ల మెట్ల దగ్గర నిలబడి ఉంది. అంతదూరం నుంచి తనకి మా మాటలు వినపడవు. చెప్పడానికి నా దగ్గర ఎంత ఉందో మీకు తెలుసు. పదిహేడు కంపెనీల దగ్గర మొదలుపెట్టి, మూడు వారాలు ఆ వేడిలో స్టూలు మీద కూర్చోవడం దాకా. మేనేజరు గదిలో తను అన్న ఆ ఒక్క మాట చెప్పినా చాలు, ఆయన పెన్ను ఆగకుండా రాసుకునేవాడు.

"నేను ఆ అమ్మాయి తండ్రినండీ," అన్నాను. "నన్నడక్కండి. అదిగో, ఆవిడ మా సూపర్‌వైజరు. ఆవిణ్ణి అడగండి."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, తల ఊపి, పెద్దక్క దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఏదో చెప్తోంది. మధ్యలో కట్టు కట్టిన చేత్తో గాల్లో దుప్పటి మడిచినట్టు చూపించింది. ఆయన రాసుకున్నాడు. రోలరు చప్పుడులో నాకు ఒక్క ముక్క వినపడలేదు. చెవులు మాత్రం అటే పోయాయి, అబద్ధమెందుకు. రేడియో ఒక దుప్పటి అంచు అందించి, "పట్టుకో అన్నా," అన్నాడు. పట్టుకుని రోలరుకి పెట్టాను. ఆ తర్వాత ఇంకొకటి. ఏం చెప్పావక్కా అని ఆవిణ్ణి ఇవాల్టిదాకా అడగలేదు.

ఇదండీ సంగతి. ఓపిగ్గా విన్నారు, చల్లగా ఉండండి. మీకు తెలిసిన నాన్నల్లో, అమ్మల్లో ఎవరికైనా పిల్లల పనిలో వేలుపెట్టకపోతే చేతులు దురద పెడతాయనిపిస్తే, ఇది వాళ్లకి పంపించండి. ఎవరు రాశారని అడిగితే, రోలరు ముందు నిలబడేవాడొకడు రాశాడని చెప్పండి.